సాగర్ రోడ్డు మీద రేపటి కథలు

హైదరాబాద్ నుంచి వెళ్ళే సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నం అంటే పాతతరానికి పెద్ద చెరువు. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లలో నీళ్ళుంటాయి. ఎండితే ఆ ఏటి సాగు అనుమానమే. ఈతరానికి ఇబ్రహీంపట్నం అంటే ఇంజినీరింగ్ కాలేజీలు, ఔటర్ రింగు రోడ్డు, వెంచర్ల బోర్డులు. ఈ రెంటి నడుమ మనం రోజూ దాటిపోతూ కూడా ఆగి చూడని సంగతి ఒకటుంది.

ఈ మండలంలోని ఆదిబట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ప్రధాన దేహం తయారవుతోంది. టాటా, బోయింగ్ సంస్థలు కలిసి పెట్టిన ఆ కర్మాగారం 2018 మార్చిలో ప్రారంభమైంది. సి-130జె రవాణా విమానాల తోక భాగాలు కూడా ఆదిబట్లలోనే తయారై సముద్రాలు దాటుతున్నాయి. ఇదే నియోజకవర్గంలో ఇంకో మూల, విజయవాడ హైవే వైపు, రామోజీ ఫిల్మ్ సిటీ. ‘బాహుబలి’లోని మాహిష్మతి లేచింది అక్కడే. ‘కల్కి 2898 ఏడీ’ చిత్రీకరణలో పెద్ద భాగం జరిగిందీ అక్కడే. వీటికి తోడు 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యూచర్ సిటీ అథారిటీని ఏర్పాటు చేసి 7 మండలాల్లోని 56 గ్రామాలను దాని పరిధిలోకి తెచ్చింది. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల ఊళ్ళు అందులో ఉన్నాయి.

ఒకపక్క ఆకాశంలోకి లేచే నిజమైన లోహం, ఇంకోపక్క కెమెరా కోసం కట్టిన కోటలు, మధ్యలో వరి చేలు. రేపటి కథలు రాసేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు తెలుగు నేల మీద నాకు కనబడలేదు. మరి ఈ సాగర్ రోడ్డున రోజూ తిరిగేవాళ్ళకు అలాంటి కథలు ఎక్కడ దొరుకుతాయి? వెండితెర మీద దొరుకుతాయని అందరికీ తెలుసు. పుస్తకంలో, చెవిలో, అరగంట నిడివి ఉన్న చిన్న సినిమాలో కూడా, అదీ తెలుగులోనే దొరుకుతాయని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ సంఖ్య పెరగాలన్న ఆశతోనే ఈ వారం కథనం.

పేరు లేని రచయిత

అద్భుత కథ మనకు కొత్త కాదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’లో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు వచ్చాయి. ‘తోకచుక్క’తో మొదలై ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’... ఇలా దాదాపు పాతికేళ్ళు ఆ ధార సాగింది. పత్రికలో రచయిత పేరు ఉండేది కాదు. బొమ్మలు మాత్రం ‘చిత్ర’వి. తరవాతి నెల సంచిక కోసం పోస్ట్‌మ్యాన్‌కు ఎదురెళ్ళిన పిల్లలకు ఆ కథలు రాసిందెవరో పెద్దయ్యేదాకా తెలియలేదు. దాసరి 2010లో కన్నుమూశారు. ఆ సీరియళ్ళు ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి. మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే మొదట కొనాల్సినవి అవే.

ఇంకో మాట. మంచాల దాటి తూర్పుగా వెళ్తే రాచకొండ గుట్టలొస్తాయి. పద్మనాయక రాజుల రాజధాని అది. కూలిన బురుజులు, పొదలు కమ్మిన మెట్లు, గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టున్న కొండలు. పిల్లల్ని ఆ కోట చూపించడానికి తీసుకెళ్ళండి, ఇంటికొచ్చాక ‘శిథిలాలయం’ చేతికివ్వండి. చిత్ర గీసిన బొమ్మలు వాళ్ళకు ఎక్కడో దూరదేశానివి అనిపించవు. తమ జిల్లా పక్కనే ఉన్నట్టుంటాయి.

సైన్స్ ఫిక్షన్‌కూ మన దగ్గర వయసు తక్కువేం కాదు. టేకుమళ్ళ రాజగోపాలరావు ‘విహంగ యానము’ నూరేళ్ళ కిందటి మాట. తరవాత వారపత్రికల రోజుల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ రాశారు. ‘యుగాంతం’ నాకు ఇప్పటికీ ఇష్టం. భూమి అంతమైపోతోందని ఖాయంగా తెలిసినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్నది అందులో అసలు విషయం. ఆకాశంలో జరిగేదాని కంటే వీధిలో, పడకగదిలో, ఆఫీసులో జరిగేదాని మీదే రచయిత చూపు నిలుస్తుంది.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడిగా పనిచేసిన కవన శర్మ, పాఠం చెప్పినంత సులువుగా సైన్స్ కథలు చెప్పారు. హైదరాబాద్ వైద్యులు చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’, ‘నీలీ ఆకుపచ్చ’, ‘భూమి నుంచి ప్లూటో దాకా’ అంటూ మూడు నవలల్లో సౌరకుటుంబం చుట్టి వచ్చారు. ఈ కాలపు కథకుల్లో అనిల్ ఎస్. రాయల్‌ను తప్పక చదవాలి. ‘నాగరికథ’, ‘మరో ప్రపంచం’, ‘రీబూట్’ వంటి కథల్లో ఆయన పాఠకుడి తెలివిని నమ్ముతారు. విషయాన్ని విడమరిచి చెప్పే బదులు ఒక్కో ముడి విప్పుతూ పోతారు. చివరి పేరా దాకా వెళ్ళాక మళ్ళీ మొదటి పేరాకు రావాల్సిందే. కాలప్రయాణాన్ని ఇంత పట్టుగా నడిపిన తెలుగు కథ ‘నాగరికథ’ తరవాతే ఇంకొకటి అని నా లెక్క.

అనువాదాల వైపు చూస్తే, ఐఐటీ మద్రాస్ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి జూల్స్ వెర్న్ నవలను ‘పాతాళానికి ప్రయాణం’గా తెలుగులోకి తెచ్చారు. హైస్కూలు పిల్లలు హాయిగా చదువుకోగల తెలుగు అది.

277 బస్సులో ఇయర్‌ఫోన్లు

ఉదయం పూట 277 నంబరు బస్సెక్కితే ఒక విషయం కళ్ళారా కనిపిస్తుంది. తుర్కయంజాల్ దాటేసరికి నిలబడ్డవాళ్ళలో సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి. బొంగ్లూరు గేటు, మంగళ్‌పల్లి గేటు, శేరిగూడ... కాలేజీ పిల్లలు దిగేదాకా ఆ చెవులు ఖాళీగా ఉండవు. పుస్తకం తెరిచే వీలులేని ఆ గంట కథ వినడానికి బాగా పనికొస్తుంది.

వినే కథకు ఎంత బలముందో చెప్పాలంటే 1938 అక్టోబరు 30 రాత్రిని తలుచుకోవాలి. హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవల ఆధారంగా ఆర్సన్ వెల్స్ బృందం అమెరికా రేడియోలో, అంగారకవాసులు దిగారన్న నాటకాన్ని వార్తల పద్ధతిలో ప్రసారం చేసింది. నిజమేనని నమ్మి కంగారుపడినవాళ్ళున్నారు. ఒక్క దృశ్యం లేదు, ఉన్నవన్నీ గొంతులూ చప్పుళ్ళే. మనకూ ఆ రుచి తెలియనిది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి నాటకం కోసం ట్రాన్సిస్టర్ చుట్టూ చేరిన ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు ఫోన్‌లో ఏం దొరుకుతుంది? 2020లో మొదలైన ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ తెలుగు కథలను, రచయితలూ అనువాదకులతో సంభాషణలను వినిపిస్తోంది. ‘దాసుభాషితం’ యాప్‌లో తెలుగు శ్రవణ పుస్తకాలున్నాయి. కాలిఫోర్నియా నుంచి ‘కౌముది’ పత్రిక నడిపే కిరణ్‌ప్రభ టాక్‌షోలు యూట్యూబ్‌లో వందల్లో ఉన్నాయి. 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’లో శబ్దతరంగాలు అన్న శీర్షిక కింద పాత రేడియో రికార్డింగులు భద్రంగా ఉన్నాయి. వీటిలో ఏదీ సైన్స్ ఫిక్షన్‌కే పరిమితమైంది కాదు. అందుకని ‘సైన్స్ ఫిక్షన్’ అని వెతికితే దొరికేది తక్కువ. పైన చెప్పిన రచయితల పేర్లతో వెతకండి. ఇంగ్లిష్ అర్థమయ్యే విద్యార్థులైతే 2006 నుంచి వస్తున్న ‘క్లార్క్స్‌వరల్డ్’ పత్రికను పట్టుకోవచ్చు. కథలు ఉచితంగా చదువుకోవచ్చు, చాలావాటిని వినొచ్చు కూడా.

తెలుగు పాడ్‌కాస్టుల్లో నాకు కనిపించే లోటు ఒకటే. ఎక్కువ కథలను ఒక్క గొంతే చదువుకుంటూ పోతుంది. చదివేవాళ్ళు బాగానే చదువుతున్నారు. కానీ అంతరిక్ష నౌక లోపల ఉన్నామని చెవి నమ్మాలంటే చప్పుళ్ళు కావాలి. దానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో తుపాకుల చప్పుడు ఎలా వచ్చింది? రేడియో టవర్‌ను నిలబెట్టే ఉక్కు తీగను సుత్తితో కొట్టి బెన్ బర్ట్ రికార్డు చేసిన చప్పుడది. శత్రువుల విమానాల అరుపు కోసం ఆయన ఏనుగు ఘీంకారంలో తడిరోడ్డు మీద కారు పోయే చప్పుడు కలిపారు.

మన దగ్గర ఇలాంటి ముడిసరుకుకు కొదవా? బస్టాండులో ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు ఇంజిన్‌కు కిటికీ అద్దం అదిరే చప్పుడు ఉంది. చేలో బోరు మోటారు ఆన్ చేయగానే పైపులోంచి ముందు గాలి తన్నుకొచ్చి, ఆ తరవాత నీళ్ళు ఎగదన్నే చప్పుడు ఉంది. ఫోన్‌లో రికార్డు చేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని సగానికి తగ్గించి వినండి. ఏదో భారీ యంత్రం మేల్కొంటున్నట్టే ఉంటుంది. గొంతు రికార్డు చేసేటప్పుడు బట్టల బీరువా తలుపులు తెరిచి, వేలాడే బట్టలకు ఎదురుగా కూర్చుంటే గదిలో ప్రతిధ్వని చాలావరకు పోతుంది. హాస్టల్ గదిలో చేయగలిగే పనులివి.

యంత్రం ఇంట్లోకొచ్చిన కథలు

తెర మీది కథల దగ్గర నాకో గట్టి అభిప్రాయం ఉంది. మన సినిమాల్లో యంత్రం ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ కథ పండింది. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక తెరవగానే శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఇవాళ ప్రతి చేతిలో ఉన్న వీడియో కాల్‌ను కె.వి. రెడ్డి ఆ రోజే ఒక ఆడపిల్ల గదిలో పెట్టారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఒకవైపు శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ మరోవైపు 2504వ సంవత్సరానికీ తీసుకెళ్తుంది. ప్రయాణించేవాళ్ళు మాత్రం మనింటి మనుషుల్లాగే మాట్లాడతారు. జంధ్యాల సంభాషణల చలవ అది. 2025లో దాన్ని మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు.

2022 సెప్టెంబరులో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది. తల్లిని పోగొట్టుకున్న యువకుడికి కాలయంత్రం దొరుకుతుంది. చరిత్రను మార్చాలని, కోట్లు గడించాలని అతను అనుకోడు. 1998కి వెళ్ళి వాళ్ళమ్మను చూస్తాడు. అమ్మగా నటించిన అమల అతనికి మళ్ళీ కనిపించే ఆ ఘట్టానికి ఎన్ని లక్షల గ్రాఫిక్స్ అయినా సాటిరావు. ఇటీవలి తెలుగు సైన్స్ ఫిక్షన్‌లో ఒక్కటే చూడమంటే నేను ఇదే చెబుతాను.

‘కల్కి 2898 ఏడీ’ విషయంలో నా మాట కొంచెం వేరు. 2024 జూన్ 27న విడుదలైన ఈ సినిమాలో కథకన్నా లోకం బలమైనది. నీళ్ళూ పచ్చదనమూ అన్నీ పైన వేలాడే కాంప్లెక్స్‌కు చేరగా కింద కాశీలో జనం దుమ్ములో బతుకుతుంటారు. ఎండిన చెరువు చూసి ఎరిగిన ఊరివాళ్ళకు ఆ దుమ్ము ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ లోకాన్ని ఇంకా చూడాలనిపిస్తే ‘బుజ్జి అండ్ భైరవ’ అనే చిన్న యానిమేషన్ సిరీస్ ప్రైమ్ వీడియోలో ఉంది.

ఇంతపెద్ద సినిమాకు మూడేళ్ళ ముందే దాని దర్శకుడు నాగ్ అశ్విన్ అదే తపనతో ఒక చిన్న సినిమా తీశారు. 2021 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘పిట్ట కథలు’లో ఆయన భాగం పేరు ‘ఎక్స్‌లైఫ్’. మనుషులను మాయాలోకంలో ముంచి ఏలే సంస్థ యజమాని ఒకడు. అక్కడి వంటగదిలో పనిచేసే దివ్యగా శ్రుతి హాసన్. చూడండి, ఇక్కడా కథ వంటగదిలోకే వచ్చింది. అదే ఏడాది ఆహాలో వచ్చిన ‘కుడి ఎడమైతే’ ఎనిమిది భాగాల సిరీస్. ఒక పోలీసు అధికారిణి, ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు ఒకే రోజులో ఇరుక్కుపోయి దాన్నే మళ్ళీ మళ్ళీ బతుకుతారు. ‘ప్లేబ్యాక్’లో 1993కూ 2019కీ మధ్య ల్యాండ్‌లైన్ ఫోన్ మోగుతుంది. ఆ సినిమాకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

చిన్న సినిమాలు తీయాలని ఉన్న విద్యార్థులు తప్పక చూడాల్సింది ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’. నిడివి 28 నిమిషాలు. మూడో ప్రపంచయుద్ధం తరవాత నేలమాళిగల్లో బతికే మనిషిని గతంలోకి పంపే కథ. సినిమా మొత్తం కదలని ఫొటోలే. నడుమ ఒక్కచోట, నిద్రలేచిన స్త్రీ కళ్ళు తెరిచి రెప్పలాడించే కొన్ని క్షణాలు మాత్రం చిత్రం కదులుతుంది. ఆ రెప్పపాటు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఫోన్ కెమెరా, ఓ స్నేహితురాలి గొంతు, నాలుగైదు చోట్లు ఉంటే ఇలాంటి సినిమాకు ఇబ్రహీంపట్నంలో ఏ అడ్డూ లేదు. డబ్బు తక్కువని ఆగిపోయేవాళ్ళు ‘గామి’ని గుర్తుచేసుకోవాలి. 2024 మార్చిలో విడుదలైన ఆ సినిమా జనం ఇచ్చిన చందాలతో మొదలై ఏళ్ళ తరబడి పని జరుపుకొంది.

పవర్ ప్లాంటు ఊరి నుంచి

ప్రపంచమంతా చదివిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ రాసిన లియు సిషిన్ చైనాలో ఒక మారుమూల విద్యుత్ కేంద్రంలో ఇంజినీరుగా పనిచేశారు. ఆ నవల 2006లో ‘సైన్స్ ఫిక్షన్ వరల్డ్’ అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ పత్రిక వెలువడేది కూడా బీజింగ్ నుంచి కాదు, చెంగ్డూ నగరం నుంచి. కెన్ లియు దాన్ని ఇంగ్లిష్ చేశాక 2015లో హ్యూగో పురస్కారం దక్కింది.

మన పక్కనే చూసినా ఇదే తీరు. తమిళంలో సైన్స్ ఫిక్షన్‌ను ఇంటింటికీ చేర్చిన సుజాత బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు. మనం ఓటేసే ఈవీఎం రూపకల్పనలో ఆయన పాత్ర ఉంది. మరాఠీలో రాసిన జయంత్ నార్లీకర్ ఖగోళ శాస్త్రవేత్త. తొలి కథను 1974లో మారుపేరుతో పోటీకి పంపి బహుమతి గెలిచారు. యంత్రాన్ని చేత్తో తాకేవాళ్ళు, లెక్క తెలిసినవాళ్ళు తల్లిభాషలో కూర్చుని రాసినప్పుడు ఈ సాహిత్యం నిలబడింది.

ఆ లెక్కన మన సాగర్ రోడ్డుకు ఏం తక్కువ? ఇక్కడ తండ్రి సాగు చేసిన నేలలో లేచిన షెడ్డులో కొడుకు విమానం తోకకు రివెట్లు బిగించే రోజులు వచ్చాయి. పట్టా పాసుపుస్తకమూ, గాలిలో లేచే లోహమూ ఒకే ఇంటి గూట్లో ఉన్నాయి. చెరువులో నీటిమట్టం, ఫ్యూచర్ సిటీ మ్యాపు, అమ్మిన ఎకరం, చేతికొచ్చిన కొలువు... వీటన్నిటి మధ్య 2050 నాటి ఇబ్రహీంపట్నం ఎలా ఉంటుందో ముంబయిలోనో లాస్ ఏంజెలెస్‌లోనో కూర్చున్నవాళ్ళు ఊహించలేరు. రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేసేవాళ్ళకు కూడా ఆ వివరం ఈ ఊరివాళ్ళే ఇవ్వాలి.

కాలేజీల తెలుగు శాఖల వారికీ, సాంకేతికోత్సవాలు జరిపే విద్యార్థి బృందాలకూ ఒక విన్నపం. రోబో పోటీలు పెడుతున్నారు, కోడింగ్ పోటీలు పెడుతున్నారు. వాటి పక్కనే తెలుగులో సైన్స్ ఫిక్షన్ కథకూ, పది నిమిషాల శ్రవణ నాటికకూ ఒక పోటీ పెట్టండి. పాఠకులకు ఇంకో విన్నపం. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి దాసరి సీరియళ్ళూ, ‘యుగాంతం’, ‘కుజుడి కోసం’ నవలలూ ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని రాసివ్వండి. రేపు పొద్దున బస్సెక్కే ముందు ఒక తెలుగు కథను ఫోన్‌లోకి దింపుకోండి. మీ పిల్లల్లో ఎవరైనా ఇలాంటి కథ రాస్తుంటే మొదటి శ్రోత మీరే కండి.